వాయిదా వేసేవాళ్ళ తరఫున

ఆదివారం రాత్రి పదకొండు గంటలకి మనందరం మహానుభావులం. రేపట్నుంచి ఐదింటికే లేస్తాం. అరగంట నడక, పది నిమిషాలు ధ్యానం, ఆఫీసుకి బయల్దేరేలోపు రెండు పేజీల రాత, మెట్రోలో పుస్తకం, రాత్రి పదింటికల్లా ఫోన్ అవతల పడేసి నిద్ర. కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో ఇదంతా గుండ్రటి అక్షరాలతో రాసుకుంటాం కూడా. సోమవారం ఐదింటికి అలారం మోగుతుంది. ఐదూ పదికి మోగుతుంది. ఐదూ ఇరవైకీ మోగుతుంది. సోమవారం రాత్రి పదకొండింటికి అదే మంచం మీద, అదే దిండుకి ఆనుకుని ఉంటాం. ఈసారి ముద్దాయిలుగా.

అప్పుడేం చేస్తాం? ఫోన్ తీస్తాం. అందులో మనకోసమే కాచుక్కూర్చున్న ఒకాయన ఉంటాడు. వెనకాల పుస్తకాల అర, పక్కన ఒక మొక్క, చొక్కాకి మైకు. "మీ జీవితాన్ని తినేస్తున్నది మీ బద్ధకమే" అని మొదలుపెడతాడు. తొంభై సెకన్లలో మనల్ని తిట్టి, ఐదు సూత్రాలు చెప్పి, కింద లింకులో ఉన్న కోర్సు కొనుక్కోమంటాడు. మనం ఆ వీడియో సేవ్ చేసుకుంటాం. తర్వాత చూద్దాంలే అని.

ఈ వ్యాసం ఆయన మీద కోపంతో రాస్తున్నాను. ఆయన మాట వినగానే తల దించేసుకునే మన అలవాటు మీద కూడా. నేను చెప్పదల్చుకున్నది ఇంతే: ‘బద్ధకం’ అని ఒకే తిట్టుతో మనం పిలుస్తున్న దాంట్లో కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి అలసట, ఒకటి అయిష్టం, ఒకటి భయం. మూడింటికీ మందులు వేరు. ప్రొడక్టివిటీ దుకాణంలో మాత్రం అన్ని జబ్బులకీ ఒకటే సీసా దొరుకుతుంది, గడియారం. ఆ మందు మనకెందుకు పనిచేయదో, అసలు ఎవరికి పనిచేస్తుందో కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు ఆ గడియారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. 1911లో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ అనే అమెరికన్ ఇంజనీరు ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’ అనే పుస్తకం వేశాడు. ఎంబీయే చదివినవాళ్ళెవరికైనా తెలిసిన పేరే. కూలీ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాలి, ఒక్కో కదలికకీ ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోవాలి, అక్కర్లేదనుకున్న కదలికలన్నీ తీసేయాలి. ఇదీ పద్ధతి. బెత్‌లెహెమ్ స్టీల్ కంపెనీలో ఇనప దిమ్మలు మోసే ఒక కూలీ గురించి ఆ పుస్తకంలో టేలర్ చాలా గర్వంగా చెప్పుకుంటాడు. అతనికి ష్మిట్ అని మారుపేరు పెట్టాడు. రోజుకి పన్నెండున్నర టన్నులు మోసే చోట ష్మిట్ 47 టన్నులు మోశాడట. అతని కూలి 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 85 సెంట్లకి పెరిగిందట. ఈ కథలో టేలర్ చాలా కల్పించాడని తర్వాతి పరిశోధకులు చూపించారు. పోనీ ఆయన చెప్పిందే నిజమనుకుందాం. పని నాలుగింతలకి దగ్గరపడింది. కూలి రెండింతలు కూడా కాలేదు. మధ్యలో తేడా ఎవరి జేబులోకి వెళ్ళిందో చెప్పడానికి ఎంబీయే అక్కర్లేదు.

టేలర్‌కి కూలీల మీద ఒక పెద్ద ఫిర్యాదుండేది. వాళ్ళు కావాలనే నెమ్మదిగా పని చేస్తారని. దానికి ఆయన వాడిన మాట ‘సోల్జరింగ్’. అయితే ఆయన గుడ్డివాడు కాదు, వాళ్ళలా ఎందుకు చేస్తున్నారో ఆయనే రాశాడు. ఎక్కువ చేసి చూపిస్తే యజమాని రేటు తగ్గిస్తాడు. ఇవాళ ఒకడు చెమటోడ్చి కొట్టిన రికార్డు రేపు అందరికీ కనీస టార్గెట్ అయిపోతుంది. దూరం నుంచి చూస్తే బద్ధకంలా ఉన్నది, దగ్గరికెళ్తే పక్కా లెక్క. ఒకళ్ళనొకళ్ళు కాపాడుకునే లెక్క. నూట పదేళ్ళు దాటినా ఆ లెక్క మారలేదు. ఐదు రోజుల పనిని మూడు రోజుల్లో చేసి చూపించిన కుర్రాడికి వచ్చే స్ప్రింట్‌లో ఏం దొరుకుతుందో హైటెక్ సిటీలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవర్నడిగినా చెప్తారు. రెండ్రోజుల సెలవు మాత్రం దొరకదు.

ఇప్పుడు ఆ స్టాప్‌వాచ్ మన జేబులోకి వచ్చేసింది. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటాలియన్ విద్యార్థి చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తిప్పి పెట్టుకుని చదివాడు. ఇరవై ఐదు నిమిషాల పని, ఐదు నిమిషాల విరామం. ఇటాలియన్‌లో టమాటాని పొమొదోరో అంటారు కాబట్టి ఆ పద్ధతికి ఆ పేరే స్థిరపడింది. ఒక విద్యార్థి తనకోసం తాను కనిపెట్టుకున్న చిట్కా అది. దాంతో నాకే పేచీ లేదు. కానీ అలాంటి చిట్కాలన్నీ కలిపి ఒక మతంలా తయారుచేసి, నిద్ర గంటలు, నీళ్ళ గ్లాసులు, చదివిన పేజీలు, చివరికి ధ్యానం చేసిన నిమిషాలు కూడా యాప్‌లో ఎక్కించుకుని, రాత్రికి ఆ అంకెలు చూసి మన విలువ మనం తేల్చుకుంటున్నాం చూడండి, అక్కడ ఉంది పేచీ. ష్మిట్ పక్కన నిలబడ్డ మేస్త్రీ సాయంత్రమైతే ఇంటికెళ్ళిపోయేవాడు. మన మేస్త్రీ మన దిండు కిందే పడుకుంటున్నాడు.

సరే, మొదటి సంగతి. అలసట.

ఉప్పల్‌లో ఉండి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే ఒక మనిషి రోజు లెక్కేద్దాం. మెట్రో, రాయదుర్గంలో దిగాక షేర్ ఆటో, ట్రాఫిక్, అన్నీ కలిపి రానూపోనూ మూడు గంటలు. ఆఫీసులో తొమ్మిది. రాత్రి అమెరికా వాళ్ళతో కాల్ ఒక గంట. ఏడు గంటలు నిద్రపోతాడనుకుందాం. మిగిలింది నాలుగు గంటలు. స్నానం, వంట, తిండి, బట్టలు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, అమ్మకి ఫోన్ అన్నీ అందులోనే. ఇన్నీ అయ్యాక రాత్రి పదిన్నరకి అతను సగంలో ఆగిన కథ తెరవకుండా రీల్స్ చూస్తూ పడుకుంటే దాన్ని బద్ధకం అంటున్నాం. పొద్దంతా దున్నిన ఎద్దు సాయంత్రం కొట్టంలో నెమరేస్తుంటే దానికి క్రమశిక్షణ లేదని ఏ రైతూ అనడు. ఎద్దుకి చూపించే పాటి మర్యాద మనకి మనం చూపించుకోలేమా?

రోజుకి ఎన్ని గంటలు పని అన్నది వ్యక్తిగత అలవాటుగా మొదలవలేదు. దానికోసం జనం కొట్లాడారు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా ఉన్న అంబేద్కర్ తెచ్చిన సవరణ వల్ల 1946లో మన ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. ఇప్పుడు గాలి అటు నుంచి ఇటు తిరిగింది. దేశం బాగుపడాలంటే యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి సలహా ఇచ్చాడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90 చేశాడు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారన్నది ఆయన సందేహం. వీళ్ళవి ఉత్త మాటలు అనుకుని నవ్వుకున్నాం, మీమ్స్ చేసుకున్నాం. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజుకి 9 గంటలున్న గరిష్ఠ పనివేళల్ని 10 చేయాలని నిర్ణయించింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతు అందులో ఉంది. ఓవర్‌టైమ్ అన్న మాట ఆఖరిసారి మీ ఆఫీసులో ఎప్పుడు విన్నారో గుర్తు తెచ్చుకోండి.

ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. ఒకవైపు పనిదినం పొడవు పెరుగుతోంది. ఇంకోవైపు మిగిలిన కాస్త సమయాన్ని ఎలా పిండుకోవాలో చెప్పే గురువులు పెరుగుతున్నారు. మొదటి ప్రశ్న ‘నా రోజు ఎవరు తీసుకున్నారు?’ అని. దాన్ని రెండో ప్రశ్నగా మార్చడమే ఈ గురువుల పని: ‘నా రోజుని నేనెందుకు సరిగ్గా వాడుకోలేకపోతున్నాను?’ మొదటి ప్రశ్నకి నలుగురు కావాలి, యూనియన్ కావాలి, చట్టం కావాలి. రెండో ప్రశ్నకి ఒక అలారం చాలు.

ఇక ఉదయం ఐదు గంటల క్లబ్బు సంగతి. తెల్లవారుజామున లేచినవాడే ప్రపంచాన్ని గెలుస్తాడని పుస్తకాలొచ్చాయి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులొచ్చాయి. ఐదింటికి లేచిన ఫోటోలు పెట్టుకుంటున్నారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఏనాడు ఐదు దాటాక లేచారు? పాలు కాచి, టిఫిన్ చేసి, క్యారేజీలు కట్టి, పిల్లల్ని బస్సెక్కించే మనిషికి ఎవరూ క్లబ్బు పెట్టలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. తేడా మూడు గంటల ఇరవై నిమిషాల పైమాటే. ‘అందరికీ ఉన్నది ఇరవై నాలుగు గంటలే’ అని బల్లగుద్ది చెప్పేవాళ్ళు ఈ మూడు గంటలకి ముందు జవాబు చెప్పాలి. ఐదింటికి లేచి ప్రశాంతంగా డైరీ రాసుకుంటున్న గురువుగారి టేబుల్ మీదికి ఆ కాఫీ ఎవరు తెచ్చి పెట్టారో కూడా చెప్పాలి.

రెండో సంగతి అయిష్టం.

కొన్ని పనులు వాయిదా వేయదగ్గవే. ఎవరూ చదవని వారాంతపు రిపోర్టు. మధ్యాహ్నం అడిగి సాయంత్రానికి అక్కర్లేదనే స్లైడ్లు. ఏడాదికోసారి మన గురించి మనమే అబద్ధాలు రాసుకునే అప్రైజల్ ఫారం. వీటి ముందు కూర్చోగానే మనకి దాహమేస్తుంది, టేబుల్ సర్దాలనిపిస్తుంది, పాత ఫోటోలు గుర్తొస్తాయి. మన భాషలో దీనికి మంచి మాటుంది: ‘చెయ్యాడటం లేదు’. మా అమ్మమ్మ ఆ మాట ఎవరి నోట విన్నా, "ఏమైందే?" అని అడిగేది. తిట్టేది కాదు. చెయ్యాడటం లేదంటే మనిషికి ఏదో అయిందని, లేదా ఆ పనిలోనే ఏదో ఉందని ఆవిడ ఉద్దేశం. అదే మాటని ఇంగ్లీషులో ప్రొక్రాస్టినేషన్ అనగానే అది రోగమైపోయింది, దానికి కోర్సు కూడా వచ్చింది.

పని విలువ ఏమిటో అడగని చోట, పని చేస్తున్నట్టు కనిపించడమే పనవుతుంది. చాట్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపురంగుకి మారకూడదని మౌస్‌ని కదుపుతూ కూర్చునే మనుషులు నాకు తెలుసు. నేనూ కదిపాను. కదిపే ఓపిక లేనివాళ్ళకోసం దాన్ని వాటంతటవే కదిపే పరికరాలొచ్చాయి. 2024లో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు భ్రమ కల్పించారని పది మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసిందని వార్త వచ్చింది. వాళ్ళు చేసింది మోసమే, ఒప్పుకుంటాను. కానీ మౌస్ కదలికని మనిషి పనికి కొలతగా పెట్టిన చోట ఇంకేం పుడుతుంది?

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. అయిష్టంతో మనం ఆపేసిన పని గాల్లో కలిసిపోదు. చాలాసార్లు అది పక్క కుర్చీలో జూనియర్ అమ్మాయి మీద పడుతుంది, అర్ధరాత్రి టెస్టింగ్‌కి కూర్చున్న కుర్రాడి మీద పడుతుంది. మనం గొప్ప తిరుగుబాటు అనుకున్నది ఇంకొకళ్ళ నిద్ర చెడగొడుతుంది. అందుకని చెయ్యాడకపోవడాన్ని మనలో మనం దాచుకోవడం మంచిది కాదు. ‘ఈ పని ఎందుకు?’ అని మీటింగులో నోరు తెరిచి అడగాలి. పక్కవాళ్ళతో కలిసి అడిగితే ఇంకా మంచిది. ష్మిట్ తోటివాళ్ళకి తెలిసిన రహస్యం అదే. వాళ్ళు ఒంటరిగా నెమ్మదించలేదు.

అసలు వాయిదా అన్న మాటే చూడండి. ఉర్దూలో వాదా దీనికి దగ్గరి చుట్టం. ఇచ్చిన మాట అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి కోర్టు వాయిదా, అప్పు వాయిదా, పని వాయిదా అయింది. ఫలానా రోజుకి చేస్తానని మాట ఇవ్వడం అందులో ఇప్పటికీ ఉంది. ఆ మాట తప్పినప్పుడు ఎవరికి శిక్ష పడుతుందన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. ఈఎమ్ఐ వాయిదా మూడు రోజులు ఆలస్యమైతే మనకి ఫోన్లొస్తాయి. బిల్డర్ మూడేళ్ళు ఆలస్యం చేస్తే మనమే ఫోన్ చేసి బతిమాలుకోవాలి.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ కావాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళండి. పక్కనే అశోక్‌నగర్ సందుల్లో హాస్టళ్ళు చూడండి. తెలంగాణ గ్రూప్-1కి 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాయించారు. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఒకే పరీక్ష కోసం ఒక మనిషి జీవితంలో రెండేళ్ళు వాయిదా పడ్డాయి. ఆ రెండేళ్ళూ ఊళ్ళో నాన్న, "ఇంకెన్నాళ్ళు చదువుతావురా?" అని వాణ్ణే అడిగాడు. కోచింగ్ సెంటర్లు రోజుకి పన్నెండు గంటల టైమ్‌టేబుల్ వాడికే వేసిచ్చాయి. ఇందులో తాత్సారం చేసిందెవరు, బద్ధకస్తుడని పేరు మోసిందెవరు? బలమున్నవాడి వాయిదాకి ‘ప్రక్రియ’ అని పేరు. బలం లేనివాడి వాయిదాకి ‘బద్ధకం’ అని పేరు.

ఇక మూడోది. భయం. ఈ పత్రిక చదివేవాళ్ళకి బాగా తగిలేది ఇదే కాబట్టి ఇక్కడ మనల్నీ వదలను.

అలసట లేదు, అయిష్టం లేదు. శనివారం. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ప్రాణప్రదంగా రాయాలనుకున్న కథ ఉంది. అయినా రాయం. ఎందుకు? ఫ్యూషియా సిరువా, టిమొతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ఒక వ్యాసంలో చెప్పిందేమిటంటే, తాత్సారానికి అసలు మూలం సమయం సర్దుకోలేకపోవడం కాదట. ఆ పని తలుచుకోగానే లోపల కలిగే బాధ, బెరుకు, చిరాకు ఉంటాయే, వాటి నుంచి ఆ క్షణానికి తప్పించుకోవడమట. పని పక్కన పెట్టగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసం రేపటి మనిషి నెత్తిన భారం పడేస్తాం.

ఇంకో అధ్యయనం నాకు మరీ నచ్చింది. 2010లో పిచిల్, ఇంకో ఇద్దరు పరిశోధకులు కలిసి కెనడాలో మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చేశారు. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసినవాళ్ళలో, ఆ తప్పుకి తమని తాము క్షమించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారట. ఇది ఒక్కటి తలకెక్కించుకుంటే చాలు, ఆ పుస్తకాల అర ముందు కూర్చున్న గురువుగారి దుకాణం మూతపడుతుంది. ఎందుకంటే ఆయన అమ్మేదే తిట్టు. తిట్టు వల్ల సిగ్గు పెరుగుతుంది. సిగ్గు పెరిగితే ఆ పని మొహం చూడాలంటే ఇంకా భయం. భయం పెరిగితే మళ్ళీ వాయిదా. మళ్ళీ సోమవారం రాత్రి ఆయన వీడియో. రోగాన్ని పెంచుతూ మందు అమ్ముకునే వ్యాపారం ఇంతకంటే చక్కగా సాగదు.

నా సంగతి చెప్తాను. నా కంప్యూటర్లో నాలుగేళ్ళుగా ఒక ఫైలుంది. దాని పేరు ‘నవల ఫైనల్’. అందులో పదకొండు పేజీలున్నాయి. దాన్ని రాయకపోవడానికి ఉద్యోగాన్ని తిట్టాను, ట్రాఫిక్‌ని తిట్టాను, పైన రాసిన టేలర్‌నీ తిట్టాను. అన్నీ నిజాలే. కానీ లాంగ్ వీకెండ్లలో కూడా దాన్ని తెరవలేదే! తెరవని నవల చాలా గొప్పగా ఉంటుంది. పన్నెండో పేజీ రాస్తే అది మామూలు నవల అయిపోతుందని నా భయం. అంతే సంగతి.

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి ఈ భయానికి మనం పట్టుబట్టలు కట్టాం. ‘లోపల ఊరాలి’ అంటాం. ‘రాయకుండా ఉండలేనప్పుడే రాయాలి’ అంటాం. డిసెంబర్లో బుక్ ఫెయిర్‌కి వెళ్ళి సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకుని, రాసేవాళ్ళ లోకంలోనే ఉన్నామన్న ధైర్యంతో ఇంకో ఏడాది గడిపేస్తాం. త్రిపుర ఎంత తక్కువ రాశాడో చెప్పుకుని, మనం అసలు రాయకపోవడాన్ని ఆయన పక్కన కూర్చోబెడతాం. ఆయన తక్కువ రాశాడు, నిజమే. రాశాడు కదా!

ఇలాంటి కబుర్లలో ఎవరో ఒకరు తప్పకుండా గురజాడని తీసుకొస్తారు. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. ఇవాళ మనమంతా చదివేది, నాటకాలాడేది ఆ కూర్పు కాదు. పన్నెండేళ్ళ తర్వాత 1909లో, దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాసి వేసిన రెండో కూర్పు. మధురవాణి నాటకమంతటికీ ప్రాణమైంది ఇందులోనే. చూశారా, మహా రచనలకి సమయం పడుతుంది, తొందరపడకూడదు అని మనం సంతోషంగా ఇంకో టీ చెప్తాం. కానీ ఆ తేదీలు మళ్ళీ చూడండి. ఆయన ఆ పన్నెండేళ్ళూ ఖాళీ కాగితం ముందు కూర్చోలేదు. ముందు ఒక నాటకం రాశాడు. అది జనం ముందుకెళ్ళింది. అచ్చులోకెళ్ళింది. ఆ తర్వాత ఉద్యోగం చేస్తూ, ఒంట్లో బాగాలేకపోయినా, రాసినదాన్ని పట్టుకుని దిద్దాడు. ఆలస్యం చేసే హక్కు ఆయనకి ఆ మొదటి కూర్పు ఇచ్చింది. అంత గొప్పగా లేని ఒక మొదటి కూర్పు బయట పెట్టడానికి ఆయన సిగ్గుపడి ఉంటే మనకి ఆ రెండోది ఉండేది కాదు.

నేను క్రమశిక్షణకి శత్రువుని కాదు. వీణ నేర్చుకునేవాళ్ళు తెల్లారకుండా లేచి సరళీ స్వరాలు వాయిస్తారు. దాన్ని సాధన అంటాం. సాధనలోనూ రోజూ ఒకే వేళకి కూర్చోవడం ఉంది, విసుగు ఉంది, కష్టం ఉంది. కానీ ఈ నెల ఎన్ని స్వరాలు ఉత్పత్తి చేశావని ఏ గురువూ అడగడు. నిన్న తప్పిన గమకం ఇవాళ పలికిందా అని అడుగుతాడు. తప్పితే మళ్ళీ వాయించమంటాడు. ప్రొడక్టివిటీ అన్న మాట ఫ్యాక్టరీది. దాన్ని ఫ్యాక్టరీలో యజమానితో కూలి బేరమాడేటప్పుడు వాడుకుందాం. రాసుకునే టేబుల్ దగ్గరికి, పిల్లలతో ఆడుకునే సాయంత్రాల్లోకి, నిద్రలోకి దాన్ని రానిస్తే మనమే ఇల్లు అద్దెకిచ్చి మేస్త్రీని దించినట్టు.

కాబట్టి వచ్చే సోమవారం రాత్రి పదకొండింటికి మళ్ళీ ముద్దాయిల్లా పడుకున్నప్పుడు, ఫోన్ తీసేముందు ఒక్క నిమిషం ఆగి, ఇవాళ చేయనిది ఎందుకు చేయలేదో మా అమ్మమ్మ అడిగినట్టు అడగండి. ఏమైంది? అలసటైతే పడుకోండి. పొద్దున లేచాక ఆ అలసట ఎవరి లాభంలోకి వెళ్తోందో పక్క సీటువాళ్ళతో కలిసి లెక్కేయండి. అయిష్టమైతే ఆ పని పేరు పెట్టి ఒకరితోనైనా పైకి చెప్పండి. భయమైతే మాత్రం, దానికి పదింతల పెద్ద టైమ్‌టేబుల్ వేసుకోకండి. నాలుగు చెత్త వాక్యాలు రాసి, వాటిని చెరపకుండా పడుకోండి.

ఈ వ్యాసం కూడా ఇస్తానన్న రోజుకి పద్దెనిమిది రోజులు ఆలస్యంగా ఇచ్చాను. సంపాదకులు మధ్యలో ఒక్కసారే ఫోన్ చేశారు. "ఏమైందండీ, ఎక్కడ ఆగింది?" అని అడిగారు. తిట్టి ఉంటే ఇంకా రాస్తూనే ఉండేవాణ్ణి.